అంబాసిడర్ ట్యాపెట్లు ఇంట్లోనే సరిచేసుకున్నాను

మా నాయన వాడిన 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 కడపలో ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. గత ఏడాది ఒక షెడ్డులో ట్యాపెట్ సెట్టింగ్ (ఇంజన్ వాల్వులకూ, వాటిని నొక్కి తెరిచే రాకర్ అనే మీటలకూ మధ్య ఉండవలసిన సందును సరిచేయడం) చేయించినప్పుడు, ఎన్నేళ్లుగానో వినిపిస్తున్న టకటక ఒక్కసారిగా ఆగిపోవడంతో పని బాగా కుదిరిందని నేను సంబరపడ్డాను. ఆరు నెలలు తిరగకముందే రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే, మూడో గేరులో లాగవలసిన చోట రెండుకు దిగవలసి వచ్చింది. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, మిస్సింగ్ కూడా మొదలైంది. ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటరు చూసుకున్న తరువాత ఇక మిగిలింది ట్యాపెట్లే.

ఇది 1489 సీసీ ఇంజన్. ఎనిమిది వాల్వులకూ నేను పెట్టదలచిన గ్యాప్ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు. చల్లారిన ఇంజన్ మీదే చేయాలనుకున్నాను కాని, కడప ఏప్రిల్‌లో పది దాటితే బానెట్ ముట్టుకోలేము కనుక, రాత్రంతా బండిని వదిలేసి తెల్లవారుజామునే పని మొదలుపెట్టాను. ప్లగ్గులు నాలుగూ తీసేస్తే కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) ఉండదు, హ్యాండిల్‌తో ఇంజన్ సులువుగా తిరుగుతుంది. వాల్వ్ కవర్‌ను పట్టి ఉంచేవి రెండే నట్లు.

ఏ వాల్వును ఎప్పుడు చూడాలో తెలుసుకోవడానికి తొమ్మిది లెక్క ఒకటుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని, ఆరు తెరుచుకుంటే మూడును, నాలుగు తెరుచుకుంటే ఐదును చూడాలి. ఏ జతను కలిపినా తొమ్మిదే రావాలి. ఆ జతలను ముంగిట్లోని నాపరాయి మీద సుద్దముక్కతో రాసుకుని, అయినదాన్ని అయినట్టు కొట్టేస్తూ పోయాను.

ఒకటో వాల్వును పూర్తిగా తెరిచి ఎనిమిదోదాని దగ్గరకు వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. సందు కొలిచే సన్నని రేకుల కట్ట, అంటే ఫీలర్ గేజ్‌లోని 0.015 రేకు మాట అటుంచి, 0.004 రేకు కూడా రాకర్ కింద దూరలేదు. అది నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు, అంటే మండిన వాయువును బయటికి వదిలేది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ముఖ్యంగా సీటు (మూసుకున్నప్పుడు అది కూర్చునే చోటు) మీద ఆనినప్పుడే వదిలించుకుంటుంది. గ్యాప్ లేకపోతే, వేడికి సాగిన వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక, మండిన వాయువు సందులోంచి దూసుకుపోయి అంచును కాల్చేస్తుంది. శబ్దం పోవాలని చెవితో విని బిగించిన ఫలితమిది. శబ్దం తగ్గించమని అడిగినవాణ్ణి నేనే కాబట్టి తప్పంతా షెడ్డువాళ్లదే అనలేను.

రాకర్ మీది స్క్రూను పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేసి, రేకు కాస్త పట్టు ఇస్తూ జారేలా స్క్రూ తిప్పడం కష్టం కాదు. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితో తిరిగిపోవడమే చిక్కు. స్క్రూడ్రైవర్‌ను ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో స్పానర్ బిగించి, ప్రతిసారీ రేకు మళ్లీ పెట్టి చూడవలసి వచ్చింది. ఒక్క ఎనిమిదోదానికే నాలుగుసార్లు చేశాను.

కవర్ మూసి స్టార్ట్ చేస్తే ఐడిల్ నిలబడింది గాని, మూడో వాల్వు దగ్గర టకటక మాత్రం వినిపించింది. ఇంజన్ చల్లారాక మళ్లీ విప్పి రాకర్ కొనను వేలితో తడిమితే, వాల్వు తగిలేచోట గోరంత గుంట తగిలింది. రేకు ఆ గుంట అంచుల మీద వంతెనలా ఆనుతుంది కనుక, గేజ్ 0.015 చూపినా అసలు గ్యాప్ అంతకంటే ఎక్కువే. పాత గేజ్‌లోని రేకును గుంటలో పట్టేంత సన్నగా సానబట్టించి మళ్లీ కొలిచాక శబ్దం చాలావరకు తగ్గింది.

మరుసటి ఆదివారం గువ్వలచెరువు ఘాట్‌ను మూడో గేరులోనే ఎక్కాను. నాలుగో సిలిండర్ కంప్రెషన్ మిగతావాటితో సమానంగానే ఉంది కాబట్టి వాల్వు కాలలేదనుకుంటున్నాను. మూడో రాకర్ మార్చవలసే ఉంది. పాత సామాన్ల కొట్లో చెప్పి ఉంచాను.