గేటు పడుతున్నప్పుడు

రైల్వే గేటు దిగుతుండగానే ఒక తండ్రి స్కూటరును పక్కకు వంచి, ముందు నిలబడిన పాపతో “తల దించు తల్లీ” అని, రాడ్డు కింద నుంచి పట్టాల మీదికి వెళ్లిపోయాడు. ఆయన వెనుకే మరికొందరు దూరారు. గేట్‌మ్యాన్ గేటును సగంలో ఆపి, చేతులెత్తి అరుస్తూనే ఉన్నాడు.

ఆ తండ్రి గొంతులో కంగారు ఏమాత్రం లేదు. అది రోజూ చెప్పే మాటలా వినిపించడమే నన్ను ఎక్కువగా బాధించింది, ఎందుకంటే ఆ పాప దృష్టిలో గేటు అంటే ఆగవలసిన చోటు కాదు, వంగవలసిన చోటు.

ఇంటర్‌లాకింగ్, అంటే గేటుకూ రైలు సిగ్నల్‌కూ ముడిపెట్టే ఏర్పాటు, ఉన్న గేట్ల దగ్గర, గేటు పూర్తిగా మూసుకుని తాళం పడితే తప్ప రైలుకు ముందుకు సాగమనే సిగ్నల్ రాదు. ఆ సిగ్నల్ ఇచ్చాక రైలు దాటేదాకా మామూలుగా గేటు తెరుచుకోదు. కాబట్టి అసహనంతో కింద నుంచి దూరే ప్రతి మనిషీ గేటు మూతపడడాన్ని ఆలస్యం చేస్తాడు, సిగ్నల్ కోసం రైలును నిలబెడతాడు, రోడ్డుకు రెండు వైపులా ఆగిన వాళ్లందరి నిరీక్షణనూ పెంచుతాడు. మూసిన గేటును రైల్వే సిబ్బంది, అనుమతి ఉన్నవాళ్లు కాక ఇతరులెవరైనా తెరిస్తే మూడేళ్ల వరకు, విరగ్గొడితే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని 1989 నాటి రైల్వే చట్టం 160వ సెక్షన్ చెబుతోంది.

ఆగడం నిజంగా కష్టమైన వాళ్లూ ఉంటారు. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని ఆటోలో తీసుకెళ్లే కుటుంబానికి ఓపిక గురించి చెప్పే హక్కు ఎవరికీ లేదు. వారికి కావలసింది వంతెన. మా ప్రాంతానికి వంతెన కావాలని కోరుతూ రాసిన అర్జీ మందుల షాపులో ఉంది, నేను సంతకం చేశాను. అటుగా వెళ్లే మిత్రులు దయచేసి ఈ వారంలోనే చేయండి.