బ్లాక్ ఐపీఏ: నలుపు ఉండాలి, మాడు వాసన ఉండకూడదు

బ్లాక్ ఐపీఏ అంటే చేదు ఎక్కువుండే ఇండియా పేల్ ఏల్ బీరుకు నల్ల రూపం. అమెరికా హోమ్‌బ్రూయర్లు (ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు) ఇష్టంగా కాచే ఈ బీరులో అసలు చిక్కు నల్ల మాల్ట్‌తోనే (మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ). వేయించిన బార్లీ వేస్తే దాని పొట్టు వగరు హాప్స్ అనే పూల చేదుతో కలిసి నాలుకను పట్టేస్తుంది. అందుకే పొట్టు తీసిన నల్ల మాల్ట్ కారాఫా స్పెషల్ 3 వాడాలి.

19 లీటర్లకు పేల్ మాల్ట్ 5 కిలోలు, మ్యూనిక్ 500 గ్రాములు, క్రిస్టల్ 60 రకం 250, కారాఫా 350. రొట్టె కమ్మదనం మ్యూనిక్‌ది, ఎండుద్రాక్ష తీపి క్రిస్టల్‌ది; క్రిస్టల్ ఇంతకు మించితే బీరు బరువెక్కుతుంది. కారాఫా తప్ప మిగతావి 66 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో గంటసేపు నాననివ్వాలి. కారాఫాను చివరి 15 నిమిషాల్లోనే పైన చల్లాలి. మొదటే కలిపితే పీహెచ్ పడిపోతుంది, మాడు రుచీ ఎక్కువ దిగుతుంది.

మాల్ట్ వడకట్టాక ఆ నీటి మరుగు గంట. మొదట్లో మాగ్నమ్ హాప్స్ 35 గ్రాములు, పొయ్యి ఆర్పాక సెంటెనియల్, సిమ్‌కో హాప్స్ చెరో 30. బాగా చల్లార్చి, యూఎస్-05 ఈస్ట్ వేసి 18-19 డిగ్రీల్లో పులియబెట్టాలి. పులియడం ఆగాక అవే హాప్స్ మళ్లీ చెరో 30, మూడు రోజులు.

సీసాల్లో నింపేటప్పుడు బీరు చిలకరించొద్దు. గాలి తగిలితే హాప్స్ పరిమళం పోయి తడి అట్టపెట్టె వాసన వస్తుంది. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే నింపాలి, లేదంటే సీసాలు పగులుతాయి.