రాతిగుడి కప్పు కారుతోందా? ముందు ఎస్టిమేట్ చూడండి

పాత గుడికి జీర్ణోద్ధరణ నిధులు మంజూరయ్యాయనగానే ఊరంతా టెండరు ఎవరికి దక్కిందని ఆరా తీస్తుంది. చూడాల్సింది ఎస్టిమేట్, అంటే ఏ పని ఎంత, ఏ రేటుకని ఐటంల వారీగా రాసే అంచనా. అందులో లేని పనికి బిల్లు పుట్టదు, బిల్లు పుట్టని పనికి కాంట్రాక్టరు చెయ్యి పెట్టడు.

గుడి ఎవరి అధీనంలో ఉందో మొదట తేల్చుకోవాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే వాళ్ల అనుమతి లేకుండా రాయి కదపకూడదు. చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాలు నిషేధం. రాష్ట్ర రక్షిత కట్టడమైతే ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం, తెలంగాణలో 2017 చట్టం. ఇవేవీ కాక దేవాదాయ శాఖ గుడి అయితే సీజీఎఫ్‌కు, అంటే సర్వశ్రేయోనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జీవో సర్కారుదే గానీ సొమ్ము ఖజానాది కాదు, రాబడి ఉన్న గుళ్లు కట్టే వాటాలది. గ్రామస్థుల వాటా ముందే జమ చేయమంటారు. ఆ శాతం మారుతుంటుంది కాబట్టి పాత జీవో పట్టుకుని చందాలు మొదలుపెట్టొద్దు.

ఇక కప్పు. రాతి పలకల మీద సున్నం, ఇటుక ముక్కల కాంక్రీటు ఉంటుంది. కారినప్పుడల్లా ఎవరో ఒకరు దాని మీదే ఇంకో పొర వేసి ఉంటారు. 10 సెంటీమీటర్ల పొర చదరపు మీటరుకు సుమారు 180 నుంచి 200 కిలోల బరువు. మూడు పొరలైతే అర టన్ను పైమాటే. దూలాలు పగిలేది అందుకే. కాబట్టి మొదటి ఐటం పాత పొరలు రాయి దాకా తీయడం. మందం తెలియకుండా ఘనపు మీటర్లు రాస్తే లెక్క తప్పుతుంది. రెండు మూడు చోట్ల చిన్న గుంట తీసి కొలిచాకే రాయించండి. లేదంటే సగంలో పరిమాణం మించిపోయి సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్ పై అధికారుల మంజూరుకు వెళ్తుంది, ఈలోగా వానాకాలం వస్తుంది, కప్పు తెరిచే ఉంటుంది.

తర్వాతి చిక్కు డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం. రేట్ల పట్టికలో సిమెంటు ఐటం సిద్ధంగా ఉంటుంది. సున్నానికి విడిగా రేటు కట్టి, కొటేషన్లు జతచేసి, ఆడిట్‌కు జవాబు చెప్పుకోవాలి. అందుకే సైట్ ఇంజినీరు చెయ్యి సిమెంటు వైపే పోతుంది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమ పక్క రాయిలోకి ఎక్కి, ఉప్పు పేరుకుని, రాయి పెచ్చులూడుతుంది. ‘సున్నంతో’ అన్న ఒక్క మాట చాలదు. తడిపి నానబెట్టడం, గానుగలో రుబ్బడం, కరక్కాయ, బెల్లం నీళ్లు, నీళ్లు పోయేలా వాటం, చెక్కతో కొట్టడం, కనీసం వారం పది రోజులు తడిగా ఉంచడం ఇవన్నీ ఐటంలోనే రాయించాలి. సున్నం మాగడానికే వారాలు పడుతుంది. మూడు నెలల గడువిచ్చి పని ముగించమంటే కాంట్రాక్టరు రాత్రికి రాత్రి సిమెంటు కలుపుతాడు. బడ్జెట్ పద్దు అయితే మార్చి 31కి మురిగిపోతుందన్న తొందర కూడా తోడవుతుంది.

గోడలు విప్పి మళ్లీ కడతామంటే మాత్రం తొందరపడి ఒప్పుకోవద్దు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే 2024కి గానీ పూర్తి కాలేదు. అదీ కేంద్ర శాఖ చేతిలో. విప్పక తప్పకపోతే ప్రతి రాయికీ నంబరు, కొలత, ఫోటో ఉండాలి. శిల్పాలకు శాండ్ బ్లాస్టింగ్ (ఒత్తిడితో ఇసుక చిమ్మి శుభ్రం చేయడం) అసలు వద్దు, ఉలి గీతలు అరిగిపోతాయి.

పొర మీద పొర వేసేముందు ప్రతిసారీ కొలతలు ఎం-బుక్‌లో, అంటే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో ఎక్కించి, స్కేలు పెట్టి ఫోటో తీయించండి. పైపొర మూసేశాక కింద సున్నం ఉందో సిమెంటు ఉందో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.