సియెర్రా బ్లాంకా దగ్గర చెక్క గోడ

ఇల్లులాంటి బండ్లు ఆపుకుని పడుకునే ఆర్వీ పార్కుల్లో రాత్రికి అరవై డాలర్లు అడుగుతున్నారు. ఇచ్చేది ఇంత కంకర నేల, ఒక కరెంటు ప్లగ్గు, ఒక నీళ్ల పంపు. ఆ డబ్బు పొయ్యడం ఇష్టంలేకే పాత ఇసుజు ఎన్‌పీఆర్ డీజిల్ ట్రక్కు కొన్నాను. వెనక 14 అడుగుల డబ్బా. డాలస్‌లో ఏళ్ల తరబడి సోఫాలూ ఫ్రిజ్‌లూ మోసిన బండి. బయట తెల్లరంగు, స్టిక్కర్లు పీకిన మరకలు అన్నీ అలాగే ఉంచేశాను. వీధిలో ఆపితే ఎవరిదో డెలివరీ బండి అనుకోవాలి, లోపల మనుషులు నిద్రపోతున్నారని తెలియకూడదు.

అందుకే కప్పు మీద చాలా శ్రద్ధ పెట్టాను. ఇలాంటి డబ్బాలకు పైన పల్చటి తెల్ల ఫైబర్‌గ్లాసు ఉంటుంది. పగలు సామాన్లు కనపడటానికి వెలుగు రావాలి కదా. రాత్రి లోపల చిన్న లైటు వేసినా చాలు, కప్పు మొత్తం పెట్రోమాక్స్‌లా వెలుగుతుంది. ఫోమ్ పలకలు అతికించి, కింద ప్లైవుడ్ కొట్టాక గానీ ఆ వెలుగు ఆగలేదు. వెనక షట్టర్ నుంచి రెండడుగులు వదిలి నిలువెత్తు చెక్క గోడ కట్టి, దానికో తలుపు పెట్టాను. షట్టర్ ఎత్తినా తాళ్లు, పాత దుప్పట్లు, ట్రాలీ తప్ప ఏమీ కనపడవు.

నాన్న నెల్లూరు నుంచి వచ్చారు. ఆయన జీవితమంతా లారీయే. క్యాబిన్ ముందుకు వంచి ఇంజన్ చూపిస్తే, "మన స్వరాజ్ మజ్దా లెక్కే ఉందిరా" అని సంబరపడ్డారు. ఆ కంపెనీ కూడా తర్వాత ఎస్‌ఎంఎల్ ఇసుజు అయిందని చెబితే ఇంకా సంతోషం. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ ఎడారి చూడటానికి బయల్దేరాం. ఆ తెల్ల ఇసుక ఎంత బాగుంటుందో ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణం సంగతి.

మెక్సికో సరిహద్దులోని ఎల్ పాసో దాటి ఐ-10 హైవే మీద తూర్పుకి వస్తుంటే, టెక్సస్‌లోనే సియెర్రా బ్లాంకా అనే ఊరికి ముందు బోర్డర్ పెట్రోల్, అంటే సరిహద్దు పోలీసుల చెక్‌పోస్టు. ప్రతి బండీ లోపలికి వెళ్లాల్సిందే. నా గ్రీన్‌కార్డు చూశాక ఆఫీసర్ వెనక ఏముందని అడిగాడు. పడుకోవడానికి కట్టుకున్న గది అన్నాను. పక్కకి తీయమన్నారు. కుక్క చుట్టూ తిరిగింది. షట్టర్ ఎత్తాను. ఆయన పైకెక్కి, చెక్క గోడ మీద వేలి కణుపులతో రెండు చోట్ల కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"దీని వెనక ఎవరున్నారు?"

ఏముంది అనలేదు, ఎవరున్నారు అన్నాడు. నాకు ఒళ్లు చల్లబడింది. 1987 జులైలో ఈ ఊరి దగ్గరే, తాళం వేసిన రైలుపెట్టెలో 18 మంది మెక్సికన్లు ఊపిరాడక చనిపోయారు. ఒక్కడు బతికాడు. 2022లో శాన్ ఆంటోనియోలో ట్రక్కు ట్రైలర్‌లో చిక్కుకుని 53 మంది పోయారు. ఈ దారిలో దొంగగోడ అంటే వాళ్లకి గుర్తొచ్చేది ఇదే. అలా అడగడం వాళ్ల ధర్మం.

నేను తలుపు తీసేలోపే నాన్న ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని దిగారు. బండి నాదేనని చెప్పే టైటిల్, ఇన్సూరెన్స్, తన పాస్‌పోర్టు, అమెరికాలో దిగినట్టు చూపే ఐ-94 కాగితం, ఒకదాని వెనక ఒకటి. తడ చెక్‌పోస్టులో రాత్రంతా క్యూలో నిలబడి, కాగితం కనపడక వెనక్కి పంపినవాళ్లని చూసిన మనిషి. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు గానీ ఆయన అలవాటు పోలేదు. లోపలికెక్కి ఎవరూ అడక్కుండానే మంచం కింద అరలు, నీళ్ల ట్యాంకు పక్కన, బ్యాటరీ పెట్టె వరసగా తెరిచి చూపించారు. స్టీలు డబ్బాల మూతలు కూడా తీయబోతే ఆఫీసరే వద్దన్నాడు. ఇంగ్లిషు రాని మనిషి ఆ పని చేస్తుంటే చూడటం నాకు గర్వంగా అనిపించింది. ఆఫీసర్ మర్యాదగానే కాగితాలు తిరిగిచ్చి పంపేశాడు.

వాన్ హార్న్‌లో డీజిల్ పట్టించాం. పెట్రోలు కంటే గ్యాలన్‌కి ఎంత ఎక్కువో! నాన్న దాన్ని లీటర్లలోకి, రూపాయల్లోకి మార్చి నిట్టూర్చారు. ఆ రైలుపెట్టె సంగతి అక్కడే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఒరే, మనం లోపల పడుకున్నప్పుడు ఎవడైనా బయట గడియ పెడితే?"

షట్టర్ గడియ బయటే ఉంటుంది. ఈ మోడల్లో క్యాబిన్ ముందుకు వంగాలి కాబట్టి అటు నుంచి దారి పెట్టడం కష్టం. ఇంటికి రాగానే కుడిపక్క గోడకు తలుపు కోయించాను. లోపల నుంచి తెరుచుకునేది, డెలివరీ బండ్లకు ఉండేలాంటిదే. వెల్డర్ చాలా లాగాడు. ఇవ్వక తప్పలేదు. చెక్క గోడ తలుపుకి మాత్రం చిన్న అద్దం వేశాను. ఊళ్లో రాత్రి దాని మీద నల్లగుడ్డ ఉంటుంది. ఎల్ పాసో వైపు వెళ్తే తీసేస్తాను.