ఏడోసారి వెలిగేదాకా: బ్యాలీ ఎయిట్ బాల్ రిపేరు

1977లో షికాగోలో బ్యాలీ కంపెనీ చేసిన ఎయిట్ బాల్ అనే పిన్‌బాల్ మెషీన్ ఇది. అప్పట్లో 20,230 మెషీన్లు తయారయ్యాయి కాబట్టి స్పేర్లకు ఇప్పటికీ కరువు లేదు. రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్చులు) పోయి మైక్రోప్రాసెసర్ వచ్చిన తొలినాళ్ల సరుకు, జబ్బంతా బ్యాక్‌బాక్సు (వెనక నిలువుగా ఉండే స్కోరు పెట్టె) సర్క్యూట్ బోర్డుల్లోనే. ప్లేఫీల్డ్ (బంతి దొర్లే పలక) ఎంత మాసిపోయినా బోర్డు లేచి పనిచేసేదాకా దాని జోలికి పోకపోవడమే మేలు.

మొదటి విడత – సీపీయూ బోర్డు, ఏఎస్-2518-17

హైస్కోరు గుర్తుంచుకోడానికి దీని మీద 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ పెట్టారు. ఏళ్లు గడిస్తే అది కారుతుంది. దాని పక్కనే రీసెట్ సర్క్యూట్ (పవర్ రాగానే ప్రాసెసర్‌ని మొదలుపెట్టించేది), జే4 అనే పవర్ కనెక్టర్ పిన్నులు. ముందు చిలుము పట్టేది వాటికే. పైన పచ్చ పూత బాగానే కనిపిస్తుంది, గోటితో గీరితే కింద రాగి నల్లటి పొడిగా రాలుతుంది.

బ్యాటరీ కత్తిరించి, చిలుము తిన్న పార్టులు, జే4 పిన్నులు, ఐసీ సాకెట్లు ఊడదీశాం. రాగి మెరిసేదాకా సాండ్‌పేపర్. తర్వాత తెల్ల వినెగర్, నీళ్లు సగం సగం కలిపి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కారేది క్షారం, దాన్ని విరిచేది వినెగరే. ఒట్టి ఆల్కహాల్‌తో తుడిచి వదిలేస్తే కొన్నాళ్లకు చిలుము మళ్లీ మొదలు.

కొత్త బ్యాటరీని బోర్డు మీద పెట్టొద్దు. మూడు ఏఏ సెల్స్ హోల్డర్‌ను వైర్లతో దూరంగా కింద బిగించి, ప్లస్ వైర్లో 1ఎన్4001 డయోడ్ వేశాం, గీత ఉన్న కొస బోర్డు వైపుకి. డయోడ్ లేకపోతే బోర్డు మామూలు సెల్స్‌ని కూడా చార్జ్ చేయబోతుంది.

రెండో విడత – ఎల్ఈడీ లెక్క

సీపీయూ బోర్డు మీద చిన్న ఎల్ఈడీ ఉంటుంది. పవర్ ఇవ్వగానే అది ఒక్క మినుకు, ఆ తర్వాత ఏడుసార్లు వెలగాలి. ఒక్కో వెలుగు ఒక్కో పరీక్ష పాసైనట్టు. వరసగా ఆర్ఓఎంలు (ప్రోగ్రాం ఉండే చిప్పులు), 6810 ర్యామ్, 5101 ర్యామ్, యూ10, యూ11 (బయటి భాగాలతో మాట్లాడే చిప్పులు), యూ12 టైమర్. ఏడోది 43 వోల్టుల జీరో క్రాసింగ్ (ఏసీ అల సున్నా దాటడాన్ని బోర్డు గుర్తించడం). ఎక్కడ ఆగితే దాని తర్వాతిది అనుమానించాలి. అసలు ఆరకుండా వెలుగుతూనే ఉంటే రీసెట్ సర్క్యూటో, ప్రాసెసరో, ఆర్ఓఎం చిప్పో.

బల్ల మీద 5, 12 వోల్టులతోనే పరీక్షిస్తే ఆరు దగ్గరే ఆగుతుంది. అది పాస్ కిందే లెక్క. చాలామంది ఇక్కడే కంగారుపడి మంచి చిప్పులు పీకేస్తారు.

మూడో విడత – పవర్

మిగతా కనెక్టర్లన్నీ పీకి ముందు రెక్టిఫయర్ బోర్డు (ఏసీని డీసీ చేసేది) ఒక్కటే దాని టెస్ట్ పాయింట్ల (టీపీ) దగ్గర చూశాం: టీపీ1 దగ్గర 5.4, టీపీ3 దగ్గర 11.9, టీపీ5 దగ్గర 43, టీపీ2 దగ్గర 230 వోల్టులు, కాస్త అటూ ఇటూగా. స్విచ్చి ఆపాక కూడా హై వోల్టేజ్ కెపాసిటర్లో కరెంటు నిలిచి ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టొద్దు.

సొలినాయిడ్ డ్రైవర్ బోర్డులో (ఫ్లిప్పర్ల వంటి వాటి కాయిల్స్‌ని నడిపేది) సీ23 కెపాసిటర్ ముసలిదైతే 5 వోల్టులు నిలకడగా రాక ఆట మధ్యలో రీసెట్ అవుతుంది. 15,000 మైక్రోఫారడ్, 25 వోల్టులది వేశాం. హెడర్ పిన్నుల (బోర్డు మీద కనెక్టర్లు తగిలించే పిన్నులు) టంకం భూతద్దంలో చూడాలి: పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నగా ఉంగరంలా పగులు ఉంటుంది, మామూలు కంటికి ఆనదు. అన్నిటికీ టంకం కొత్తగా పెట్టాక మెషీన్లో బిగిస్తే ఏడోది వెలిగింది.

మిగిలిన పని – ఫ్లిప్పర్లు

ఫ్లిప్పర్ (బంతిని కొట్టే రెక్క) పూర్తిగా లేచినప్పుడు ఎండ్-ఆఫ్-స్ట్రోక్ స్విచ్ (అప్పుడు కాయిల్‌కి కరెంటు తగ్గించేది) సుమారు 3 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కాయిల్ మాడుతుంది. కాంటాక్టులు గుంటలు పడితే దెబ్బలో బలం ఉండదు. ఇవి టంగ్‌స్టన్‌వి, ఆకురాయి పెట్టొచ్చు. స్కోరు స్విచ్చులవి బంగారు పూతవి, వాటి మధ్య విజిటింగ్ కార్డు పెట్టి లాగితే చాలు.