ఆదివారం ఏడింటికి పడిపోయే గళ్ళు, ఒక 2 జీబీ సర్వరు

ఆదివారం

పొద్దున 7:10కి గుంటూరు నుంచి మావయ్య ఫోను. "ఏరా, గళ్ళు తెరుచుకోవట్లేదు. ఏదో 508 అంటోంది." మూడు వారాలుగా ఇదే వరస. వారానికో గళ్ళ నుడికట్టు పెట్టే నా సైటు మీద మామూలు రోజుల్లో ఈగ కూడా వాలదు. ఆదివారం ఏడింటికి కొత్త గళ్ళు పడగానే మాత్రం పెద్దవాళ్లంతా కాఫీ గ్లాసులతో ఒక్కసారే దిగుతారు.

సీప్యానెల్‌లో (హోస్టింగ్‌ని చూసుకునే పేజీ) ఎంట్రీ ప్రాసెస్‌ల గీత 20 దగ్గర బల్లపరుపుగా ఉంది. ఒకే క్షణంలో 20 పేజీల కోసం పీహెచ్‌పీ (పేజీని తయారుచేసే ప్రోగ్రాము) నడుస్తుంటే 21వ మనిషికి 508 అనే ఎర్రర్ చూపిస్తారన్నమాట. ప్లాను కొన్నప్పుడు 50 జీబీ డిస్కు చూసి మురిశానే తప్ప ఈ 20 సంగతి చూసుకోలేదు. నా సైటంతా కలిపి 700 ఎంబీ కూడా లేదు! షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరుని చాలామంది పంచుకోవడం) అంటే బెంగళూరు మారతహళ్లి పీజీలో పొద్దున గీజరు లాంటిది. నీళ్లు ఉంటాయి, నీ వంతుకి ఉండవు.

మంగళవారం

సపోర్టువాళ్లు పై ప్లానుకి మారమన్నారు. రెన్యువల్ ధర చూస్తే చిన్న వీపీఎస్ (పెద్ద సర్వరులో మన వాటాగా విడిగా ఇచ్చే చిన్న సర్వరు) అద్దెకి దగ్గర్లో ఉంది. ఇక ఆలోచించలేదు.

సర్వరు ఎక్కడుండాలన్నది మొదటి ప్రశ్న. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో, లినోడ్‌కి ముంబై, చెన్నైల్లో, అమెజాన్ లైట్‌సెయిల్‌కి ముంబైలో ఉన్నాయి. నా గది నుంచి పింగ్ (సర్వరుకి సంకేతం పోయి రావడానికి ఎంతసేపో చూడటం) కొట్టి ఏం లాభం, చదివేవాళ్లు ఆంధ్రాలో ఉంటే? మావయ్య కొడుకు చేత గుంటూరులో కొట్టించాను. బెంగళూరుకి 20 మిల్లీసెకన్ల లోపు, ఫ్రాంక్‌ఫర్ట్‌కి 170. యూరప్‌లో అదే డబ్బుకి రెట్టింపు మెమొరీ ఇచ్చేవాళ్లున్నా బెంగళూరుకే మొగ్గాను.

గురువారం

పిసినారితనంతో 1 జీబీ తీసుకున్నా. నెలకి 6 డాలర్లు. ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు 24.04, పేజీలు అందించడానికి ఎన్జిన్ఎక్స్, పీహెచ్‌పీని నడపడానికి పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం, డేటాబేస్‌కి మరియాడీబీ. గంట తిరక్కుండానే లాగిన్ లాగ్‌లో ఎవరెవరో రూట్ (సర్వరు యజమాని ఖాతా) పేరుతో తలుపు తడుతున్నారు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి ఎస్‌ఎస్‌హెచ్ కీ (నా దగ్గరుండే తాళంచెవి లాంటి ఫైలు) ఒక్కటే ఉంచాను. ఈ పని వాయిదా వేయొద్దు.

రాత్రి అపాచీ బెంచ్ అనే పరీక్ష సాధనంతో ఒకేసారి 60 మంది వచ్చినట్టు కొట్టి చూశా. అరనిమిషంలో డేటాబేస్ గల్లంతు. డీమెసేజ్ (సిస్టమ్ సందేశాల చిట్టా) తీస్తే "అవుట్ ఆఫ్ మెమొరీ, కిల్డ్ ప్రాసెస్" అని మరియాడీబీ పేరు. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ సుమారు 60 ఎంబీ తింటోంది, నేనేమో 30కి అనుమతిచ్చాను. 1,800 ఎంబీ ఎక్కణ్ణుంచి వస్తుంది? కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అందరికంటే లావుగా కనబడ్డవాడి పీక పట్టుకుంది.

2 జీబీకి పెంచాను. నెలకి 12 డాలర్లు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, వెరసి 14.16. పెంచేటప్పుడు మెమొరీ, సీపీయూ మాత్రమే ఎంచుకోండి. డిస్కు కూడా పెంచితే మళ్లీ చిన్న ప్లానుకి దిగడానికి లేదు. పీహెచ్‌పీ ప్రాసెస్‌లు 12కి కుదించి (720 ఎంబీ), 1 జీబీ స్వాప్ ఫైలు (మెమొరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెట్టాను. మళ్లీ 60 మందితో కొడితే పేజీ కాస్త ఆలస్యమైంది గానీ ఎవడూ చావలేదు. ఇంకోటి, సర్వరు ఆఫ్ చేసినంత మాత్రాన మీటరు ఆగదు. పూర్తిగా డిలీట్ చేస్తేనే ఆగుతుంది.

సర్వరు మారిన సంగతి త్వరగా అందరికీ తెలియాలని, పడుకునే ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (సైటు పేరుకి ఏ సర్వరో అన్న జవాబుని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 14400 నుంచి 300కి తగ్గించా.

శనివారం

ఫైళ్లు ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో పది నిమిషాల్లో వచ్చేశాయి. డేటాబేస్ దగ్గర కథ అడ్డం తిరిగింది. ఆధారాలన్నీ ఇంగ్లీషు ఏ మీద గీత, డిగ్రీ గుర్తు, అక్కడక్కడా ప్లస్-మైనస్ గుర్తు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో (అన్ని లిపులనీ రాసే పద్ధతి) మూడు బైట్లు. పాత సర్వరులో టేబుళ్లు లాటిన్-1గా (ఒక్కో బైటుని ఒక్కో అక్షరంగా చూసే పద్ధతి) ఉండటంతో ఆ మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలనుకుని డంప్‌లోకి (డేటాబేస్ మొత్తం రాసి పెట్టిన ఫైలు) మళ్లీ మార్చి రాసింది. ఇన్నాళ్లూ తప్పుకి తప్పు సరిపోయి బానే కనబడిందన్నమాట. లాటిన్-1 అనే చెప్పి, సెట్ నేమ్స్ (ఏ అక్షర పద్ధతో చెప్పే ఆదేశం) వరుస రాకుండా డంప్ మళ్లీ తీశా. ఫైల్లో టేబుళ్ల క్యారెక్టర్ సెట్‌ని యూటీఎఫ్-8ఎంబీ4గా మార్చి ఎక్కించాక తెలుగు తెలుగులా కనబడింది. రాత్రి రెండయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్టుకి మాత్రం రెండు నిమిషాలు పట్టలేదు.

ఆదివారం

ఏడింటికి టాప్ (సర్వరు ఏం చేస్తోందో చూపే ఆదేశం) తెరిచి కూర్చున్నా. మెమొరీ 1.1 జీబీ దాటలేదు. ఎస్‌టీ అనే అంకె సున్నా. పక్క అద్దెదారులు మన సీపీయూ లాక్కుంటుంటే అది పెరుగుతుంది, వీపీఎస్ అయినంత మాత్రాన పొరుగువాళ్లు లేకుండా పోరు. 508 లేదు.

చూస్తూ ఉండగా తట్టింది. గళ్ళ పేజీ అందరికీ ఒకటే, వారానికోసారి మారేది. ఎన్జిన్ఎక్స్‌లో పది నిమిషాల కాష్ (తయారైన పేజీని దాచి అందరికీ అదే ఇవ్వడం) పెట్టేసరికి పీహెచ్‌పీకి పనే లేకుండా పోయింది. కాషింగ్ ప్లగిన్ వేసుకుంటే షేర్డ్‌లోనే ఇంకో ఏడాది గడిచేదేమో. సరే, తీసుకున్నాం కదా.

7:40కి మావయ్య. "గళ్ళు నింపి పంపాను, అందినట్టు మెయిలు రాలేదేరా?" వీపీఎస్‌లలో స్పామ్ భయంతో మెయిళ్లు బయటికి వెళ్లే 25 పోర్టు మూసి ఉంచడం మామూలే, నేనే మర్చిపోయా. మెయిలు పంపే సర్వీసు ఒకటి వెతకాలి. బ్యాకప్ కూడా ఒకసారి వెనక్కి ఎక్కించి చూడాలి.