ఐదో అక్షరం

అక్క కొడుక్కి ఏడేళ్లు. తలసీమియా, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవదు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు అక్క ఆ కాగితం నా చేతిలో పెట్టి, "నువ్వు కాలేజీలో చెప్పేది ఇదే కదా, తప్పెక్కడుందో చూడవే" అంది. "ఐవీఎస్ 1-5, జీ నుంచి సీ" అని ఉంది. మన దేశంలో బీటా తలసీమియా పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు అదే. వీడికి అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా అదే వచ్చింది.

హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో ఎక్సాన్లు, అంటే చివరికి మిగిలే ముక్కలు, మూడు. వాటి మధ్య ఇంట్రాన్లు, అంటే కోసి పారేసే ముక్కలు, రెండు. మొదటి ఇంట్రాన్ 130 డీఎన్‌ఏ అక్షరాలు, రెండోది 850. కణం ముందు అంతా కలిపి ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా రాసుకుంటుంది. తర్వాత ఇంట్రాన్లను కోసేసి ఎక్సాన్లను అతికిస్తుంది. వీడికి తప్పు పడింది మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం దగ్గర, రిపోర్టులో 1-5 అంటే అదే, జీ ఉండాల్సిన చోట సీ ఉంది. అంటే హిమోగ్లోబిన్‌లోకి అసలు చేరని ముక్కలో! కానీ ఎక్కడ కొయ్యాలో చెప్పే గుర్తు అక్కడే ఉంటుంది. ఆ గుర్తు చెదిరితే కోత చాలాసార్లు పక్కచోట పడుతుంది.

"పారేసేదానికి అక్కడేం పనే?" అంది అక్క.

పదకొండేళ్లుగా ఇంటర్ పిల్లలకు "ఇంట్రాన్లకు అర్థం ఉండదు" అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయాను. ఆ రాత్రి కూర్చుని చదివాను. 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని అడినోవైరస్‌లో చూశాయి. ఇంట్రాన్లు ఒకప్పుడు జన్యువుల్లోకి చొరబడిన డీఎన్‌ఏ ముక్కల వారసులని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కావాలని పెట్టుకున్నవి కావు. కానీ ఉన్నవాటిని కణాలు వాడుకోవడం నేర్చుకున్నాయి. ఒకే జన్యువు నుంచి థైరాయిడ్‌లో కాల్సిటోనిన్ అనే హార్మోన్ వస్తుంది, నాడీకణాల్లో రక్తనాళాలను వెడల్పు చేసే ఇంకో పదార్థం వస్తుంది. తేడా అంతా ఏ ముక్కల్ని అతికించారన్న దాంట్లోనే.

నన్ను కదిలించింది మాత్రం వీడి జన్యువు సంగతే. జన్యు చికిత్స కోసం మంచి బీటా గ్లోబిన్ జన్యువును తయారు చేస్తున్నప్పుడు, రెండో ఇంట్రాన్‌ను పూర్తిగా తీసేస్తే ఆర్‌ఎన్‌ఏ సరిపడా తయారవలేదు. అందుకే కొంత కుదించినా, దాన్ని ఉంచే కణాల్లోకి పంపుతారు.

పొద్దున్నే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు.

"మరి ఆ రెండోదాంట్లో వీడికేం తప్పు లేదు కదా?"

"రిపోర్టులో ఏమీ లేదక్కా."